తొంభై రెండేళ్ళు బతికిన మనిషి కోసం ఇంకా ఏడుపెందుకు అంటున్నారు

ప్రశ్న:

మేడమ్, నాకు 34 ఏళ్ళు. బెంగళూరు మారతహళ్ళిలో ఉంటాం, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పని చేస్తాను. సొంతూరు మదనపల్లె దగ్గర ఒక పల్లె. మా అవ్వ, అంటే అమ్మ వాళ్ళమ్మ, నాలుగు నెలల క్రితం పోయింది. తొంభై రెండేళ్ళని అందరూ అంటున్నారు. పొలంలోనే పుట్టి పెరిగిన మనిషి. ఐదో తరగతి దాకా నేను అవ్వ దగ్గరే ఉన్నాను. చివరి మూడేళ్ళు మంచం పట్టింది, అమ్మే చూసుకుంది. పోయినప్పుడు అమ్మ పెద్దగా ఏడవలేదు. మూడో రోజే చీరలన్నీ కూలికొచ్చే ఆడవాళ్ళకు పంచేసింది, నులక మంచం బయట పారేయించింది. అది చూసినప్పట్నుంచీ అమ్మతో సరిగ్గా మాట్లాడలేకపోతున్నా.

నేనేమో ఇప్పటికీ ఏడుస్తున్నా. మొన్న కె.ఆర్.పురం దగ్గర రోడ్డు పక్కన అనపకాయలు కుప్పలు పోసి అమ్ముతుంటే చూసి బండి ఆపుకుని ఏడ్చాను. అవ్వ పోయినప్పుడు ఆఫీసులో సెలవడిగితే ‘ఇమ్మీడియెట్ ఫ్యామిలీ కాదు కదా’ అన్నారు. మా ఆయన మంచివాడే, కానీ ‘నిండు జీవితం బతికింది, ఇంకా ఏంటి’ అంటాడు. దుఃఖానికి ఐదు దశలుంటాయని వాట్సాప్‌లో ఏదో పంపి, నువ్వు నాలుగో దశలో, అంటే డిప్రెషన్‌లో ఆగిపోయావని తేల్చేశాడు. సంవత్సరీకం రోజు బంధువులందరి ముందు అవ్వ గురించి నువ్వే నాలుగు మాటలు చెప్పాలని మామ అన్నాడు. రాద్దామని కూర్చుంటే ‘బాగా వండేది, మమ్మల్ని బాగా చూసుకునేది’ అన్న దగ్గరే ఆగిపోయింది. అవ్వ చెల్లెలొకామె చింతామణిలో కూతురి దగ్గర ఉంది, ఆమెను చూసి కూడా చాలా ఏళ్ళయింది.

ఇంకోటి చెప్పడానికి సిగ్గుగా ఉంది. అవ్వ మగపిల్లల్ని, అంటే మా తమ్ముళ్ళను ఒకలా, నన్ను ఒకలా చూసేది. మీగడ వాళ్ళకి, మజ్జిగ నాకు. పోయిన మనిషి గురించి ఇలా అనుకోవడం తప్పేమో అని అదొక బాధ. నాకేమైనా జబ్బా? ఆమెను ఎలా గుర్తుపెట్టుకోవాలి?

జవాబు:

జబ్బు కాదు. ముందు ఆ మాట చెప్పేస్తే మిగతాది మీరు కాస్త నెమ్మదిగా చదువుతారు.

దుఃఖం ఎప్పుడు జబ్బు కింద లెక్కకొస్తుందో చెప్పడానికి డాక్టర్ల దగ్గర కొలతలున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ, అదే ఐసీడీ-11 ప్రకారం కనీసం ఆరు నెలలు దాటాలి. అమెరికా సైకియాట్రిస్టులు 2022లో సవరించుకున్న లెక్కలోనైతే పెద్దవాళ్ళకు ఏడాది. అది కూడా నెలలు దాటితే చాలదు, రోజూ అదే ధ్యాసలో ఉండిపోయి, పనీ తిండీ మనుషులూ అన్నీ వదిలేసి బతుకు ఆగిపోయినట్టు ఉండాలి. మీరు ఆఫీసుకు వెళ్తున్నారు, బండి నడుపుతున్నారు, ఇంత పొందికగా ఉత్తరం రాశారు. అనపకాయలు చూసి ఏడ్చారు, అంతే కదా. ధనుర్మాసం చలిలో ఆ గింజలు నానబెట్టి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కి, తొక్క చేతిలో మిగిలి పప్పు గిన్నెలోకి ఎగిరిపడుతుంటే అవ్వ పక్కన కూర్చుని లెక్కపెట్టిన పిల్ల, పితికిపప్పు సీజన్లో ఏడవకపోతేనే నాకు అనుమానం వచ్చేది.

అయితే ఒక్క మాట. నిద్ర వారాల తరబడి సరిగ్గా పట్టకపోయినా, తిండి మీద ధ్యాస పోయినా, ఎందుకు బతకాలి అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆరు నెలలూ ఏడాదీ అని లెక్కలు చూసుకుంటూ కూర్చోకండి. మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన ఫోన్ లైను, టెలీ మానస్ 14416 ఉంది, ఏ వేళయినా చేయొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. మీకు నిమ్హాన్స్ మానసిక వైద్య ఆసుపత్రి కూడా ఊళ్ళోనే ఉంది.

ఇక మీ ఆయన పంపిన ఐదు దశల సంగతి. అది ఎలిజబెత్ కూబ్లర్-రాస్ అనే డాక్టర్ 1969లో రాసింది. ఆమె మాట్లాడింది చావు దగ్గరపడిన రోగులతో, వాళ్ళు తమ చావును ఎలా తీసుకుంటున్నారో చూసి రాసింది. తర్వాత అది చేతులు మారి మారి, వెనక మిగిలినవాళ్ళు ఒకటో నంబరు నుంచి ఐదో నంబరు దాకా వరసగా ఎక్కాల్సిన మెట్లలా తయారైంది. దుఃఖం అలా రాదు. ఒక రోజు ఏమీ ఉండదు, మర్నాడు కూరగాయల బండి దగ్గర పట్టుకుంటుంది. మీరు ఏ దశలోనూ ఆగిపోలేదని ఆయనకు చెప్పండి. పాపం ఆయన కూడా ఏం చేయాలో తెలియకే అది పంపించి ఉంటాడు. ఆయనకు ఒక పని అప్పజెప్పండి, ‘నువ్వేమీ చెప్పక్కర్లేదు, పది నిమిషాలు విను’ అని. మాటతో ఓదార్చడం చేతకాని మగవాళ్ళు చాలామంది, ఫలానా పని చెయ్యి అంటే చక్కగా చేస్తారు.

నిండు జీవితం అన్న మాటకు వద్దాం. చావింట్లో కూర్చున్నప్పుడు నోట్లోంచి ఏదో ఒకటి రావాలి కాబట్టి మనవాళ్ళు ఆ మాట అంటారు, అందులో చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. కానీ దాన్ని మీరు తీర్పులా తీసుకున్నారు. తొంభై రెండేళ్ళు అనేది ఆమె ఎంత బతికిందో చెప్పే లెక్క, మీరు ఎంత పోగొట్టుకున్నారో చెప్పే లెక్క కాదు. ముప్ఫై నాలుగేళ్ళు మీరు లోకంలో ఉన్న ప్రతి రోజూ ఆమె కూడా ఉంది. చిన్న వయసులో పోయినవాళ్ళ కోసం ఏడిస్తే లోకం పక్కన కూర్చుంటుంది, ముసలివాళ్ళ కోసం ఏడిస్తే గడియారం చూసుకుంటుంది. ఇలా నలుగురూ గుర్తించని దుఃఖం గురించి కెన్నెత్ డోకా అనే అమెరికా ప్రొఫెసర్ 1989లోనే రాశారు. అవ్వా తాతల చావు అందులోకే వస్తుంది. మీ ఆఫీసు చెప్పిన ‘ఇమ్మీడియెట్ ఫ్యామిలీ’ లిస్టులో అవ్వ పేరు లేకపోవడం కంపెనీ రాసుకున్న రూలు మాత్రమే. ఐదో తరగతి దాకా మీకు జడ వేసిన మనిషి ఏమవుతుందో ఆ రూలు రాసినవాళ్ళకేం తెలుసు.

ఇప్పుడు మీకు నచ్చని సంగతికి వస్తాను. మీ అమ్మగారి గురించి.

మీ ఉత్తరంలో అవ్వ మంచం పట్టిన మూడేళ్ళకు ఒక్క వాక్యం ఇచ్చారు, ‘అమ్మే చూసుకుంది’ అని. ఆ ఒక్క వాక్యాన్ని విప్పి చూద్దాం. మంచంలో పడిన మనిషికి పుండ్లు పడకుండా ఉండాలంటే రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, పగలూ రాత్రీ. గుడ్డలు మార్చాలి, ఉతకాలి, ఎండకపోతే ఇంకో జత వెతకాలి. జావ స్పూనుతో పోస్తే సగం గడ్డం మీదుగా కారుతుంది. ఒక్కోసారి కన్న కూతుర్నే ఎవరమ్మా నువ్వు అని అడుగుతారు, ఒక్కోసారి తిడతారు. మీ వయసును బట్టి చూస్తే మీ అమ్మగారు కూడా అరవై దగ్గర్లోనో, దాటో ఉంటారు, నడుమూ మోకాళ్ళూ వాళ్ళవీ అంతంత మాత్రమే. పెళ్ళిళ్ళకు పోలేదు, తిరుపతికి పోలేదు, బెంగళూరు వచ్చి మీ ఇంట్లో నాలుగు రోజులుండలేదు. ఇన్నేళ్ళు చేసినవాళ్ళకు, చావు వచ్చిన రోజు ముందుగా వచ్చేది చాలాసార్లు ఏడుపు కాదు, హమ్మయ్య అన్న ఊపిరి. అది వచ్చినందుకు లోపల ఛీ అనిపిస్తుంది. ఎవరికీ చెప్పుకోలేరు. కూతురికైతే అసలే చెప్పుకోలేరు. అప్పుడు చేతులు పని వెతుక్కుంటాయి, చీరలు మడతపెట్టి పంచుతాయి, మంచం బయట పెట్టిస్తాయి. ఆ నులక మంచాన్ని మీరు ఎండాకాలం వెన్నెల్లో పడుకున్న మంచంగా చూస్తున్నారు. మీ అమ్మకు అది మూడేళ్ళుగా కడిగిన మంచం.

అంతేకాదు, మీ అమ్మ ఏడుపు ముందే అయిపోయి ఉండొచ్చు. అవ్వ తనను గుర్తుపట్టని రోజున వంటింట్లోకి వెళ్ళి ఏడ్చి ఉంటే మీకెలా తెలుస్తుంది, మీరు ఆ రోజు ఏదో రిలీజ్ టెన్షన్‌లో ఉండి ఉంటారు. ఇది మిమ్మల్ని తప్పుపట్టడానికి అనడం లేదు. పండక్కి వచ్చిన మనవరాలికి అవ్వలో మంచి భాగమే దక్కింది, దగ్గరున్న కూతురికి రెండూ దక్కాయి. మీ ఇద్దరూ ఇప్పుడు ఒకే మనిషి కోసం రెండు రకాలుగా కుమిలిపోతున్నారు. దయచేసి ‘నువ్వెందుకు ఏడవలేదమ్మా’ అని మాత్రం అడగొద్దు. ఎప్పటికీ అడగొద్దు.

మరి ఏమడగాలి? మీ రెండో బాధ, రాద్దామని కూర్చుంటే ఏమీ రాలేదన్నది, ఇక్కడే తీరుతుంది. అవ్వ బతుకులో చివరి మూడో వంతే మీకు కనిపించింది. మీరు పుట్టేసరికే ఆమెకు అరవై దగ్గరపడింది. అంటే మీకు తెలిసిన అవ్వ, వంటిల్లూ పెరడూ దాకా చిన్నదైపోయిన అవ్వ. అంతకు ముందున్న మనిషి మీకు పరిచయమే లేదు. ఆ మనిషిని చూసినవాళ్ళు ఇద్దరున్నారు, మీ అమ్మ, చింతామణిలో ఉన్న మీ చిన్నవ్వ. మీ చిన్నవ్వ వయసు మీరు రాయలేదు కానీ ఎనభై అటూ ఇటూ అయి ఉంటుంది. సంవత్సరీకం దాకా ఆగకండి. బెంగళూరు నుంచి హోస్కోట మీదుగా మదనపల్లె పోయే దారిలోనే చింతామణి. ఒక శనివారం చాలు.

పోయి ‘అవ్వ జీవితం గురించి చెప్పు’ అంటే ఎవరూ చెప్పరు. ‘ఏముందమ్మా, కష్టపడింది, మంచిది’ అని మీరు రాసిన రెండు ముక్కలే మళ్ళీ మీ చేతిలో పెడతారు. వస్తువుల గురించి అడగాలి, పనుల గురించి అడగాలి. నేనూ ఆ పక్క మనిషినే కాబట్టి కొన్ని చెప్తాను. వాళ్ళ పుట్టింటి పొలంలో బావి ఏ మూల ఉండేది, కపిల తోలేవాళ్ళెవరు? మీరు కపిల చూసి ఉండరు. రెండెద్దులు వాలుగా ఉన్న బాటలో దిగుతూ, వెనక్కి నడుస్తూ, తోలు తొండం ఉన్న బానతో బావిలో నీళ్ళు తోడి కాలవలో పోసేవి. తండ్రి కపిల తోలుతుంటే పదేళ్ళ ఆడపిల్ల చేను మధ్యలో పార పట్టుకుని మడవలు తిప్పేది, ఒక మడి తడవగానే గట్టు తెంచి నీళ్ళు పక్క మడికి మళ్ళించడం. కాస్త ఏమరితే నీళ్ళు వృథా, వీపు మీద దెబ్బ. మీ అవ్వ ఆ పని చేసిందా? ఎద్దుల పేర్లేంటి? (ఎద్దుల పేర్లు మాత్రం తప్పకుండా అడగండి. మనవళ్ళ పేర్లు తడబడే ముసలివాళ్ళు కూడా చిన్నప్పటి ఎద్దుల పేర్లు టక్కున చెప్తారు, నేను చాలాసార్లు విన్నాను.) చెనక్కాయలు విత్తే ముందు రాత్రుళ్ళు అందరూ కూర్చుని గింజలు వలిచేటప్పుడు ఎవరు కథలు చెప్పేవాళ్ళు? రాగులు విసిరేది ఎవరు, ఎన్ని గంటలకు లేచేవాళ్ళు? కనుమ నాడు ఊరి బయట మంట వేసే చిట్లాకుప్ప దగ్గరికి పశువులను తోలుకుపోతుంటే ఆడపిల్లల్ని రానిచ్చేవాళ్ళా?

పుట్టిన సంవత్సరం కూడా తేల్చుకోండి. ఆధార్ కార్డులో జనవరి 1 అని ఉంటే నమ్మకండి, మన ఊళ్ళలో పెద్దవాళ్ళు చాలామంది కార్డుల్లో ఆ రోజే పుట్టారు. తెలుగు సంవత్సరం పేరు అడగండి, అది గుర్తుంటుంది. ఆంగీరస అంటే 1932 ఉగాది నుంచి 1933 ఉగాది లోపు, శ్రీముఖ అంటే ఆ మరుసటి ఏడాది. అది దొరికితే మిగతాది మీరే అల్లుకోవచ్చు. ఆంగీరసలో పుట్టి ఉంటే స్వాతంత్ర్యం వచ్చేసరికి ఆమెకు పద్నాలుగో పదిహేనో, పెళ్ళి మాటలు నడుస్తూ ఉంటాయి. 1952లో రాయలసీమలో గంజి కరువు వచ్చినప్పుడు ఇరవై ఏళ్ళ కోడలు, చంకలో బిడ్డ కూడా ఉండొచ్చు. మీ వైపు అది ఎంత తగిలిందో, ఇంట్లో ఏం వండుకున్నారో, ఏం అమ్ముకున్నారో చిన్నవ్వను అడగండి. ఇంకో తమాషా. పుట్టింది మద్రాసు ప్రెసిడెన్సీలో, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి వచ్చింది, 1956 నవంబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఉంది, ఇన్నిట్లోనూ మీ అవ్వ ఊరు దాటిందెక్కడ. తర్వాత ఆయిల్ ఇంజను వచ్చింది, కరెంటు మోటారు వచ్చింది, బావులెండి బోర్లు వచ్చాయి, చెనక్కాయ చేలు టమోటా తోటలయ్యాయి. పిల్లగా మడవ తిప్పిన మనిషి, ముసలిదయ్యాక మోటారు స్విచ్ వేస్తే నీళ్ళు దుమకడం చూసింది. ఆమె ఆ రోజు ఏమందో మీ అమ్మకు తెలిసే ఉంటుంది.

ఇవన్నీ ఎదురుగా కూర్చుని ఇంటర్వ్యూలా అడగకండి, ఫోను మొహం మీద పెట్టకండి. చేతిలో పని ఉంటే మన ఆడవాళ్ళ నోరు విప్పుకుంటుంది. ఇప్పుడు సీజనే కాబట్టి రెండు కిలోల అనపకాయలు తీసుకుపోండి, చాప వేసి మీ అమ్మనూ కూర్చోబెట్టుకుని కాయలు వలుస్తూ మొదలుపెట్టండి. ఫోను రికార్డింగ్ పెట్టి అక్కడెక్కడో గిన్నె పక్కన ఉంచండి, పెట్టానని మాత్రం ముందే చెప్పండి. మీ అమ్మ మధ్యలో లేచి వెళ్ళిపోతే వెళ్ళనివ్వండి. ఏడిస్తే ఏడవనివ్వండి, వెంటనే నీళ్ళ గ్లాసు తెచ్చి ఆపెయ్యకండి. మూడేళ్ళ మంచం వెనకాల దాగిపోయిన తన తల్లి, నడుం బిగించి చేలో నడిచిన తల్లి, మీ అమ్మకు కూడా అలాగే మళ్ళీ కనిపిస్తుంది. ఇది మీకంటే ఆమెకే ఎక్కువ అవసరమని నా నమ్మకం.

మీగడ, మజ్జిగ సంగతి. అలా అనుకోవడం తప్పేం కాదు. మీకు చిన్నప్పుడు బాధేసింది, ఆ బాధ నిజం. పోయినవాళ్ళను మంచివాళ్ళను చేయడానికి మనం ఎంత తొందరపడతామంటే, పటానికి దండ వేసే లోపే వాళ్ళ కోపాలూ పక్షపాతాలూ తుడిచేస్తాం, చివరికి ఆ పటంలో ఉన్నది ఎవరో మనకే తెలియదు. మీకు రాయడానికి రెండు ముక్కలే మిగలడానికి అది కూడా ఒక కారణమని నాకనిపిస్తోంది, మంచివి మాత్రమే రాయాలనుకున్నారు. ఆ పక్షపాతం ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా కాస్త చూడండి. పుట్టింటి పొలంలో పదేళ్ళ నుంచి పెళ్ళయ్యేదాకా ఆమె చాకిరీ చేసి ఉంటుంది, ఆ పొలంలో గజం కూడా ఆమెది కాదు. ఆడపిల్లకు పూర్వీకుల ఆస్తిలో కొడుకుతో సమానంగా వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్‌లో చట్టం వచ్చింది 1986లో, 1985 సెప్టెంబరు నుంచి వర్తించేలా, అప్పటికి ఆమెకు యాభై దాటాయి. పైగా అంతకుముందే పెళ్ళయిపోయిన కూతుళ్ళకు అది వర్తించలేదు. 2005లో దేశమంతా మార్చేసరికి ఆ చేలు ఎప్పుడో పంచుకుని ఉంటారు. పొలం మగపిల్లలదే, మీగడ మగపిల్లలదే అని ఆమెకు నేర్పినవాళ్ళు నేర్పారు, ఆమె మీ దగ్గర అదే పాటించింది. దీంతో మీరు ఆమెను క్షమించి తీరాలని నేననడం లేదు. కోపం ఉంటే ఉండనివ్వండి, ప్రేమా ఉంటుంది, రెండూ ఒకే కంచంలో ఉంటాయి, ఏదో ఒకటి తీసేస్తేనే మనుషుల్ని గుర్తుపెట్టుకోగలం అన్న రూలేం లేదు.

సంవత్సరీకం నాటి మాటల విషయం ఇక తేలికే. ఐదు నిమిషాలు మించొద్దు, భోజనాలకు ముందు పెట్టుకోండి, తర్వాతయితే వినే ఓపిక ఎవరికీ ఉండదు. ‘నిండు నూరేళ్ళు’ అని మొదలుపెట్టకండి. ఎద్దు పేరుతో మొదలుపెట్టండి, ఊళ్ళో పెద్దవాళ్ళు తలెత్తి చూస్తారు, వాళ్ళకు తెలిసింది వాళ్ళూ అందుకుంటారు. అవ్వ తిట్లు రెండు పెట్టండి, అచ్చంగా ఆమె అన్నట్టే, అక్కడ అందరూ నవ్వుతారు, నవ్వనివ్వండి. మజ్జిగ సంగతి చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. చెప్తే మాత్రం మీ తమ్ముళ్ళ వైపు చూస్తూ నవ్వుతూ చెప్పండి, లేకపోతే అది పంచాయితీ అవుతుంది. మూడేళ్ళు చూసుకున్నది ఎవరో మాత్రం పేరు పెట్టి చెప్పాలి, అందరి ముందూ, మీ అమ్మ అక్కడే ఉండగా. రాసింది రెండు కాపీలు తీసి ఒకటి తమ్ముళ్ళలో ఒకరి జేబులో ఉంచండి. మీ గొంతు పూడుకుపోతే అక్కణ్ణుంచి వాళ్ళు చదువుతారు.